కోకో గ్లూకోసైడ్‌తో మృదువైన ఫేస్‌వాష్: కొలతలు, కలిపే వరుస, తప్పులు, సవరణలు

సబ్బుతో కడిగితే ముఖం బిగుసుకుపోతోందనీ, సల్ఫేట్ లేదన్న సీసా కొన్నా మంట తగ్గలేదనీ, ఇంట్లో చేసుకుంటే వారానికే వాసన వచ్చిందనీ చాలామంది అడుగుతున్నారు. ఈ మూడింటికీ జవాబు ఒకటే. పదార్థం కొబ్బరి నుంచి వచ్చిందా, కుంకుడు నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి మృదుత్వం రాదు. నురగ పదార్థం ఎంత పడింది, ద్రవం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) ఎంత, క్రిములు పెరగకుండా ఏం చేశాం అన్న మూడు లెక్కలు కుదిరితేనే వస్తుంది. కింద 200 గ్రాముల ఫేస్‌వాష్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ మూడు లెక్కలూ చూపిస్తున్నాం.

## 1. ముందు పదార్థాన్ని ఎంచుకోండి

నూనెనూ నీటినీ కలిపి, మురికిని వదిలించే పదార్థాన్ని సర్ఫక్టెంట్ అంటారు. మొక్కల నుంచి తయారై, సులభంగా దొరికే మృదువైనవి ఇవి.

డెసైల్ గ్లూకోసైడ్. మొక్కజొన్న పిండి నుంచి తీసిన గ్లూకోజ్‌ను, కొబ్బరి లేదా పామ్ గింజల నూనె నుంచి తీసిన ఫ్యాటీ ఆల్కహాల్‌తో కలిపి చేస్తారు. పల్చగా ఉంటుంది. నురగ త్వరగా వస్తుంది, బుడగలు పెద్దవి, త్వరగానే కూలిపోతాయి.

కోకో గ్లూకోసైడ్. ఇదీ అలాగే తయారవుతుంది గానీ చిన్న కర్బన గొలుసులూ పెద్ద కర్బన గొలుసులూ కలిసి ఉంటాయి. నురగ కాస్త చిక్కగా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మేలు.

లారిల్ గ్లూకోసైడ్. మామూలు గది వేడిమిలో పేస్టులా గడ్డకట్టి ఉంటుంది. వేడినీళ్లలో సీసా పెట్టి కరిగించుకోవాలి. చిక్కదనం బాగా ఇస్తుంది. పేరులో లారిల్ ఉందని, జిడ్డును గట్టిగా లాగే సోడియం లారిల్ సల్ఫేట్ అనుకోకండి, రెండూ వేర్వేరు.

కోకామిడోప్రొపైల్ బీటైన్. కొబ్బరి నూనె ఆమ్లాల నుంచి వచ్చిందే అయినా, తయారీలో పెట్రో రసాయనం కూడా ఒకటి పడుతుంది. కాబట్టి "నూటికి నూరు శాతం మొక్కల నుంచి" అని దీన్ని చెప్పకూడదు. అయినా గ్లూకోసైడ్‌తో కలిస్తే నురగ నిలబడుతుంది, చర్మం మీద గరగర తగ్గుతుంది. అందుకే మా కొలతలో దీన్ని ఉంచాం.

సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్. పొడిగా గానీ సన్నని గొట్టాల్లా గానీ దొరుకుతుంది. షాంపూ బిళ్లలకు బాగుంటుంది. పొడి గాలిలో లేస్తే గొంతు మండుతుంది కాబట్టి మాస్క్ లేకుండా తూకం వేయకండి. నీళ్లలో కరగడం ఆలస్యం. ద్రవ ఫేస్‌వాష్‌కు మొదటి ప్రయత్నంలోనే దీన్ని ఎంచుకోవద్దు.

కొనేటప్పుడు రెండు పేర్ల దగ్గర ఆగండి. సోడియం కోకో సల్ఫేట్ కొబ్బరి నుంచే వస్తుంది, కానీ అందులో ఎక్కువ భాగం సోడియం లారిల్ సల్ఫేటే. కొబ్బరి బొమ్మ చూసి మృదువైనదనుకుంటే మోసపోతారు. సోడియం సీ14-16 ఒలెఫిన్ సల్ఫోనేట్ సల్ఫేట్ కాదు, అందుకే సల్ఫేట్ లేని సీసాల్లో కనిపిస్తుంది. కానీ జిడ్డును బాగా గట్టిగా లాగుతుంది. పొడిచర్మం వాళ్లకు పనికిరాదు.

## 2. "అసలు సరుకు" లెక్క

ఇది రాని వాళ్లు ఎన్ని కొలతలు సేకరించినా ప్రతిసారీ ఒక రకంగా వస్తుంది. సీసాలో కొన్న కోకో గ్లూకోసైడ్ మొత్తం కోకో గ్లూకోసైడ్ కాదు. దాదాపు సగం నీళ్లే. బీటైన్‌లో అయితే సుమారు 30 శాతమే అసలు సరుకు, మిగిలినది నీళ్లూ కొంత ఉప్పూ. ఈ అంకె అమ్మేవాళ్లు ఇచ్చే సాంకేతిక పత్రంలో ఉంటుంది. పత్రం ఇవ్వని చోట కొనకండి.

లెక్క ఇలా:

వేసిన శాతం × సీసాలో ఉన్న అసలు సరుకు శాతం ÷ 100 = తయారైన ద్రవంలో అసలు సరుకు.

కోకో గ్లూకోసైడ్ 10 శాతం వేస్తే 10 × 50 ÷ 100 = 5. బీటైన్ 10 శాతం వేస్తే 10 × 30 ÷ 100 = 3. మొత్తం 8 శాతం.

దేనికి ఎంత ఉండాలంటే:

- ముఖానికి: 6 నుంచి 10 శాతం. పొడిచర్మానికి 6, జిడ్డు చర్మానికి 9 లేదా 10.
- ఒంటికి: 10 నుంచి 14 శాతం.
- తలకు: 11 నుంచి 15 శాతం. నూనె పెట్టే అలవాటున్న తలకు పై అంకె తీసుకోండి.

నురగ చాలట్లేదని దీన్ని 15కు పెంచిన ముఖపు ద్రవం మొక్క నుంచి వచ్చిందే అయినా చర్మాన్ని ఎండగొడుతుంది. మేము చూసే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే.

## 3. సరంజామా

- 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా. చెంచాలతోనూ మూతలతోనూ కొలవొద్దు. పిండి దుకాణంలో తూకం వేసే కాటా ప్రిజర్వేటివ్‌కు (క్రిములు పెరగకుండా ఆపే పదార్థానికి) పనికిరాదు.
- గాజు బీకర్లు రెండు, లేదా స్టీలు గిన్నెలు. అల్యూమినియం గిన్నె వద్దు. గ్లూకోసైడ్ సీసాలో ఉన్నప్పుడు పీహెచ్ 11.5 నుంచి 12.5 వరకు ఉంటుంది. ఆ క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది.
- 4 నుంచి 7 మధ్య సన్నటి విభాగాలున్న పీహెచ్ పట్టీలు, లేదా మీటరు. మీటరు అయితే వాడే ముందు క్రమాంకనం (సరైన అంకె చూపేలా సరిచేయడం) తప్పనిసరి.
- గాజు కడ్డీ లేదా సిలికాన్ గరిటె.
- చేతి తొడుగులు, కళ్లద్దాలు. పైన చెప్పిన క్షారం కంట్లో పడితే ప్రమాదం. పడితే వెంటనే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి వైద్యుణ్ణి కలవాలి.
- 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత్రల మీద చల్లడానికి.
- పంపు ఉన్న సీసాలు, 100 గ్రాములవి రెండు.

నీళ్ల విషయం. చాలా ఊళ్లలో బోరు ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి పెచ్చు మిగులుతుంది. ఆ నీళ్లతో ముఖం కడిగినా గ్లూకోసైడ్‌లకు ఆ బాధ లేదు, పెచ్చు కట్టవు. కానీ తయారీకి మాత్రం ఆ నీళ్లూ, ఫిల్టరు నీళ్లూ కూడా వద్దు. స్వేదన జలమే కావాలి. బ్యాటరీల దుకాణంలో అమ్మే నీళ్లలో లవణాలు లేకపోవచ్చు గానీ క్రిములు లేవన్న హామీ లేదు. అవే దొరికితే పది నిమిషాలు మరగబెట్టి, మూత పెట్టి చల్లార్చి వాడండి. మరిగేటప్పుడు కొంత ఆవిరైపోతుంది కాబట్టి కొలత మరిగించిన తర్వాత చూడాలి.

## 4. కొలత: 200 గ్రాములకు

| పదార్థం | శాతం | గ్రాములు |
|---|---|---|
| స్వేదన జలం | 73.9 | 147.8 |
| కోకో గ్లూకోసైడ్ | 10 | 20 |
| కోకామిడోప్రొపైల్ బీటైన్ | 10 | 20 |
| గ్లిజరిన్ | 4 | 8 |
| శాంథన్ గమ్ (చిక్కదనానికి) | 1 | 2 |
| ఫినాక్సీ ఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిజరిన్ మిశ్రమం | 1 | 2 |
| డైసోడియం ఈడీటీఏ | 0.1 | 0.2 |

పీహెచ్ సరిచేయడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ద్రావణం: నిమ్మ ఉప్పు 5 గ్రా., స్వేదన జలం 15 గ్రా. కలిపి పక్కన పెట్టుకోండి. ఇది 25 శాతం ద్రావణం. నిమ్మరసం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అందులో చక్కెర, గుజ్జు, క్రిములు ఉంటాయి, పులుపు కూడా ఒక్కో కాయకు ఒక్కోలా ఉంటుంది.

మొత్తం నీళ్లలో 5 గ్రాములు విడిగా తీసి ఉంచుకోండి. చివర్లో నిమ్మ ఉప్పు ద్రావణం ఎంత పడితే అంత తగ్గించి, మిగిలినది పోసి 200కు సరిచేస్తారు.

## 5. కలిపే వరుస

వరుస మారితే పదార్థాలేవీ పాడవవు గానీ, ఉండలు కడతాయి, నురగతో గిన్నె నిండుతుంది, పీహెచ్ పట్టీ అబద్ధం చెబుతుంది.

అడుగు 1: శుభ్రం. గిన్నెలు, కడ్డీ, సీసాలు, పంపు గొట్టం లోపలి వరకు వేడినీళ్లతో కడిగి, ఆల్కహాల్ చల్లి, తుడవకుండా ఆరనివ్వండి. వంటింటి గుడ్డతో తుడిస్తే చేసిన శుభ్రమంతా వృథా.

అడుగు 2: ఈడీటీఏ నీళ్లు. మొదటి బీకరులో 142.8 గ్రా. నీళ్లు, 0.2 గ్రా. ఈడీటీఏ. పూర్తిగా కరిగేదాకా కలపండి. నీటిలో మిగిలిన లోహ లవణాలను ఇది పట్టుకుంటుంది, ప్రిజర్వేటివ్‌కు చేయూతనిస్తుంది.

అడుగు 3: శాంథన్ గమ్. చిన్న గిన్నెలో 8 గ్రా. గ్లిజరిన్ పోసి, దానిలో 2 గ్రా. శాంథన్ గమ్ కలిపి పల్చటి ముద్ద చేయండి. గ్లిజరిన్‌లో గమ్ ఉబ్బదు కాబట్టి గింజలు విడివిడిగా ఉంటాయి. ఈ ముద్దను నీళ్లలో ఒక పక్క కలుపుతూ సన్నగా పోయండి. పదిహేను నిమిషాలు వదిలేసి మళ్లీ కలపండి. గంజిలా నున్నగా వచ్చే దాకా ముందుకు వెళ్లొద్దు.

అడుగు 4: సర్ఫక్టెంట్లు విడిగా. రెండో బీకరులో 20 గ్రా. కోకో గ్లూకోసైడ్, 20 గ్రా. బీటైన్. కడ్డీని అడుగున తిప్పుతూ నెమ్మదిగా కలపండి. బ్లెండర్ పెట్టొద్దు. చలికాలంలో కోకో గ్లూకోసైడ్ సీసా అడుగున తెల్లగా పేరుకుంటే, సీసాను 45 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో ఉంచి, కుదిపి, మొత్తం ఒకేలా అయ్యాకే తూకం వేయండి. పైన తేలిన పల్చటి భాగాన్ని మాత్రమే వంచుకుంటే లెక్క తప్పుతుంది.

అడుగు 5: రెండూ కలపడం. గమ్ నీళ్లలోకి సర్ఫక్టెంట్లను పోయండి. ఇప్పుడు మసకగా కనిపిస్తే భయపడొద్దు. పీహెచ్ తగ్గాక చాలామటుకు తేటపడుతుంది. శాంథన్ వల్ల కొద్దిగా మబ్బుదనం మిగలవచ్చు, అది లోపం కాదు.

అడుగు 6: పీహెచ్ దించడం. దీనికి కింద విడిగా ఒక భాగం ఉంది. 5.0 నుంచి 5.5 మధ్యకు వచ్చాక ఏడో అడుగు.

అడుగు 7: ప్రిజర్వేటివ్. ద్రవం 40 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. 2 గ్రా. వేసి, రెండు మూడు నిమిషాలు పూర్తిగా కలపండి. ఒక మూలన నూనెలా తేలితే ఇంకా కలపాలి.

అడుగు 8: ఆఖరి తూకం, విశ్రాంతి. మళ్లీ పీహెచ్ చూసి, మిగిలిన నీళ్లతో 200 గ్రాములకు సరిచేసి, మూత పెట్టి రాత్రంతా ఉంచండి. బుడగలు పైకి వచ్చేస్తాయి. ఉదయం పీహెచ్ ఇంకోసారి చూసి సీసాల్లో నింపండి. మీద తేదీ రాయండి.

## 6. పీహెచ్: అసలు పని ఇక్కడే

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొద్దిగా ఆమ్లం, సుమారు 4.7 నుంచి 5.5. మామూలు సబ్బు 9 నుంచి 10. కడిగాక వచ్చే బిగుతుకు ఇది పెద్ద కారణం. గ్లూకోసైడ్‌ను నీళ్లలో కలిపేసి అలాగే వాడితే అది సబ్బు కంటే కూడా క్షారంగా ఉంటుంది. "మొక్కల నుంచి వచ్చిందే కదా, నీళ్లు పోసి వాడొచ్చు" అనే సలహా అందుకే ప్రమాదకరం. దయచేసి దాన్ని పాటించొద్దు.

కొలిచే పద్ధతి ఇది. చిక్కటి ద్రవంలో పట్టీ ముంచితే రంగు సరిగా పట్టదు. ఒక గ్రాము ద్రవాన్ని తొమ్మిది గ్రాముల స్వేదన జలంలో కలిపి, ఆ నీళ్లలో పట్టీ ముంచండి. ప్రతిసారీ ఇదే నిష్పత్తి.

దించే పద్ధతి:

1. మొదట నిమ్మ ఉప్పు ద్రావణం అర గ్రాము వేయండి. రెండు నిమిషాలు కలిపి కొలవండి.
2. 7 కంటే పైన ఉంటే మరో పావు గ్రాము.
3. 6.5 దాటి దిగాక చుక్కలే. ప్రతి రెండు చుక్కలకూ కొలత.
4. 5.3 దగ్గర ఆగండి. రాత్రికి కాస్త అటూ ఇటూ కదులుతుంది.

ఎంత పడుతుందో ముందే ఖచ్చితంగా చెప్పలేం. ఒక్కో తయారీ గ్లూకోసైడ్‌లో క్షారం ఒక్కోలా ఉంటుంది. ఒకసారి ఎంత పడిందో రాసుకుంటే, అదే డబ్బా అయిపోయేదాకా ఆ లెక్క పనికొస్తుంది. డబ్బా మారితే మళ్లీ మొదటి నుంచి.

4.5 కంటే దిగిపోతే తినేసోడా 5 శాతం ద్రావణం చుక్కలుగా వేయండి. పొంగు వస్తుంది, అది ఆగేదాకా ఆగి కొలవండి. రెండుసార్లు కంటే ఎక్కువ ఇటు అటు చేయాల్సి వస్తే లవణం పెరిగిపోతుంది. అలాంటప్పుడు ఆ ద్రవాన్ని గిన్నెలు కడగడానికి వాడేసి, కొత్తగా చేయడం నయం.

## 7. ప్రిజర్వేటివ్ వదిలేయకూడదు

నీళ్లున్న ప్రతి ద్రవంలోనూ బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. స్నానాల గదిలో వేడి, తేమ, తడిచేతులు అన్నీ వాటికి అనుకూలమే. గ్లూకోసైడ్ డబ్బాలో పాడవకుండా ఉండడానికి దాని అధిక పీహెచ్ ఒక కారణం. మనం పీహెచ్ దించిన క్షణంలో ఆ రక్షణ పోతుంది. వాసన రాలేదు కాబట్టి బాగుందనుకోవద్దు. కంటికీ ముక్కుకూ తెలియక ముందే క్రిములు లక్షల్లో ఉండవచ్చు.

విటమిన్ ఇ, వేపనూనె, పసుపు, టీ ట్రీ నూనె ప్రిజర్వేటివ్‌లు కావు. విటమిన్ ఇ నూనెలు కనరెక్కకుండా ఆపుతుంది, అంతవరకే.

ఫినాక్సీ ఇథనాల్ మిశ్రమాన్ని ఎంచుకోవడానికి కారణం అది పీహెచ్‌ను పెద్దగా పట్టించుకోకుండా పనిచేయడం. తయారైన ద్రవంలో ఫినాక్సీ ఇథనాల్ 1 శాతం దాటకూడదు. "ఎక్కువ వేస్తే ఎక్కువ రోజులు" అన్న లెక్క ఇక్కడ నడవదు, మంట పుడుతుంది.

కొందరు సోడియం బెంజోయేట్ అడుగుతారు. అది పనిచేసేది బెంజోయిక్ ఆమ్లంగా మారినప్పుడే. పీహెచ్ 4.2 దగ్గర సగం ఆ రూపంలో ఉంటుంది. 5.2కు వచ్చేసరికి పదో వంతు కూడా ఉండదు. కాబట్టి దాన్నే వాడాలనుకుంటే 0.5 శాతం సోడియం బెంజోయేట్‌కు 0.3 శాతం పొటాషియం సోర్బేట్ జతచేసి, పీహెచ్‌ను 4.8 దాటనివ్వకండి. పీహెచ్ పట్టీ లేని ఇంట్లో ఈ జంటను వాడొద్దు.

అన్నీ సరిగా చేసినా, ప్రయోగశాల పరీక్ష లేని ఇంటి తయారీని మూడు నెలలకు మించి ఉంచొద్దు.

## 8. తప్పులు, కారణాలు, సవరణలు

చేపకళ్లలా జెల్లీ ఉండలు. శాంథన్ గమ్‌ను పొడిగా నీళ్లలో చల్లారు. రాత్రంతా వదిలితే కొన్ని కరుగుతాయి. మిగిలినవి శుభ్రమైన నైలాన్ జల్లెడతో తీసేయండి. గమ్ కొంత పోయినట్టే కాబట్టి పల్చబడుతుంది.

ఉప్పు వేసినా చిక్కబడలేదు. సల్ఫేట్ షాంపూలు ఉప్పుతో చిక్కబడతాయి. గ్లూకోసైడ్‌లకు విద్యుదావేశం లేదు, వాటి మీద ఉప్పు ప్రభావం దాదాపు శూన్యం. గమ్ తోనే చిక్కబరచాలి, లేదా సగం కోకో గ్లూకోసైడ్ బదులు లారిల్ గ్లూకోసైడ్ వేయాలి.

చీమిడిలా తీగ సాగుతోంది. గమ్ ఎక్కువైంది. ఈసారి 0.7 శాతం చాలు.

నురగ తక్కువ. ముఖం మీద జిడ్డు, సన్‌స్క్రీన్ ఉంటే మొదటిసారి నురగ రాదు, రెండోసారి వస్తుంది. నురగ తప్పక కావాలంటే సర్ఫక్టెంట్ పెంచకండి, సీసా మార్చండి. నురగ పంపు ఉన్న సీసాకు శాంథన్ గమ్ పూర్తిగా మానేసి ఆ 2 గ్రాములూ నీళ్లు కలపండి. చిక్కటి ద్రవం ఆ పంపు జాలీలో ఇరుక్కుంటుంది.

కడిగాక కీచుమనే బిగుతు. గ్లూకోసైడ్‌ల సహజ లక్షణం ఇది, ఒంటరిగా వాడినప్పుడు మరీను. అసలు సరుకును 8 నుంచి 6కు దించండి. అంటే కోకో గ్లూకోసైడ్ 7 శాతం, బీటైన్ 8.5 శాతం, తగ్గినదంతా నీళ్లు. అప్పటికీ ఉంటే, కోకో గ్లూకోసైడ్, గ్లిజరిల్ ఓలియేట్ కలిపి అమ్మే మిశ్రమాన్ని 2 శాతం చేర్చండి. ఇది కడిగిన చోట పల్చటి జిడ్డు పొరను వదులుతుంది.

సువాసన నూనె వేయగానే పల్చబడి మసకబారింది. నూనెలు సర్ఫక్టెంట్ల అమరికను చెదరగొడతాయి. ముఖానికి అసలు వద్దనే మా సలహా. వేయాలనిపిస్తే 0.1 శాతం, అదీ నాలుగో అడుగులో గ్లూకోసైడ్‌లో కలిపి.

కలబంద గుజ్జు, తేనె, పాలు, ఇంట్లో చేసిన గులాబీనీళ్లు కలిపాం, పాడైంది. అవి క్రిములకు భోజనం. 1 శాతం ప్రిజర్వేటివ్ వాటిని మోయలేదు. సవరణ లేదు, పారేయాలి.

నల్లటి చుక్కలు, పుల్లటి వాసన, చిక్కటిది ఒక్కసారిగా నీళ్లలా మారడం. మూడింట్లో ఏది కనిపించినా మొత్తం పారేయండి. మళ్లీ మరిగించినా, ఇంకాస్త ప్రిజర్వేటివ్ పోసినా ఆ ద్రవం ముఖానికి పనికిరాదు.

## 9. ముఖానికి రాసే ముందు

"మృదువైనది" అంటే "ఎలర్జీ రానిది" అని కాదు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక ఎలర్జీ కారకం మీద దృష్టి పెడుతుంది. 2004లో కోకామిడోప్రొపైల్ బీటైన్‌ను, 2017లో ఆల్కైల్ గ్లూకోసైడ్‌లను ఎంచుకుంది. ఎక్కువ మందికి ఏమీ కాదు. కానీ ఇప్పటికే ఎగ్జిమా ఉన్నవాళ్లూ, ఏదో ఒక షాంపూతో కనురెప్పలు దురదపెట్టినవాళ్లూ జాగ్రత్తపడాలి.

పరీక్ష ఇలా చేయండి. మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత చోట తడిచేసి రాసి, ఒక నిమిషం రుద్ది, కడిగేయండి. రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. ఎరుపు, దురద, పొక్కు రాకపోతే ముఖానికి వాడొచ్చు. ఒక్కసారి రాసి అరగంటలో ఏమీ కాలేదని తేల్చుకోవద్దు, ఎలర్జీ బయటపడటానికి రోజులు పడుతుంది. వస్తే ఆపేసి చర్మవైద్యులను కలవండి. సీసా మీది పదార్థాల పేర్లు పట్టుకెళితే వాళ్ల పని సులువవుతుంది.

పసిపిల్లలకు ఇంటి తయారీ వద్దు.

## 10. కుంకుడు, శీకాయ, సున్నిపిండి సంగతి

"ఇవన్నీ ఎందుకు, కుంకుడు రసం సీసాలో నింపుకోవచ్చుగా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కుంకుడు తొక్కలోనూ శీకాయలోనూ సాపోనిన్‌లు ఉంటాయి. అవీ సర్ఫక్టెంట్లే. రసం సహజంగానే ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ దించే పని లేదు. తలకు ఇప్పటికీ మంచి సాధనం. కానీ కంట్లో పడితే ఎంత మండుతుందో తెలియనివారు లేరు. ముఖానికి దాన్ని మేము సూచించం.

సీసాలో నిల్వ చేయడం మాత్రం కుదరదు. రసంలో చక్కెరలూ గుజ్జూ ఉంటాయి, ఎండాకాలంలో సాయంత్రానికే పులుస్తుంది. ఏ పూటకాపూట చేసుకోవాలి:

1. పది పన్నెండు కాయలు కొట్టి గింజలు తీసేయండి. గింజతో కలిపి మెత్తగా నూరొద్దు.
2. తొక్కలను పావు లీటరు వేడినీళ్లలో రాత్రి నానబెట్టండి.
3. పొద్దున పది నిమిషాలు సన్న సెగ మీద కాచి, చల్లారాక చేత్తో పిసికి నురగ తీయండి.
4. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. మిగిలిన పిప్పి తలలో చిక్కుకుంటే గీరుతుంది, కంట్లో పడితే బాధ రెట్టింపు.
5. మిగిలింది ఫ్రిజ్‌లో మూతపెట్టి రెండు రోజులు. తర్వాత పారబోయండి.

శీకాయ పొడి కలిపితే మందార ఆకుల జిగురు కూడా చేర్చండి, జుట్టు చిక్కుపడదు.

సున్నిపిండి పనితీరు వేరు. పెసరపిండి, శనగపిండి జిడ్డును పీల్చుకుని నీళ్లతో పోతాయి. పొడిగా ఉన్నంతకాలం ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, అదే దాని గొప్ప సౌకర్యం. ముఖానికైతే వస్త్రగాళితం పట్టిన మెత్తటి పిండి వాడి, రుద్దకుండా అద్ది కడగండి. తడిచేతిని డబ్బాలో పెడితే మాత్రం బూజు వస్తుంది. చిన్న గిన్నెలోకి తీసుకుని వాడండి.

## 11. ఇదే లెక్కతో షాంపూ

200 గ్రాములకు: డెసైల్ గ్లూకోసైడ్ 28 గ్రా., బీటైన్ 30 గ్రా., గ్లిజరిన్ 4 గ్రా., శాంథన్ గమ్ 1.6 గ్రా., ప్రిజర్వేటివ్ మిశ్రమం 2 గ్రా., ఈడీటీఏ 0.2 గ్రా., నీళ్లు 134.2 గ్రా. అసలు సరుకు 11.5 శాతం. పీహెచ్ 5.0. గమ్‌ను ఇక్కడ 4 గ్రాముల గ్లిజరిన్‌లోనే కలపాలి కాబట్టి ముద్ద గట్టిగా ఉంటుంది, నీళ్లలో ఎక్కువసేపు కలపండి. జుట్టు మెత్తబడాలని పాలీక్వాటర్నియం లాంటివి చేర్చకండి. అవి ధనావేశం గలవి, శాంథన్‌తో కలిస్తే ముద్దలు కడతాయి.

## 12. తయారీ రోజు చూసుకోవాల్సినవి

- [ ] సాంకేతిక పత్రంలో అసలు సరుకు శాతం చూసి లెక్క సరిచేశాను
- [ ] నీళ్లు స్వేదన జలమే
- [ ] అల్యూమినియం పాత్ర ఏదీ లేదు
- [ ] తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకున్నాను
- [ ] గమ్ గ్లిజరిన్‌లో కలిపాకే నీళ్లలోకి
- [ ] పీహెచ్ 5.0 నుంచి 5.5, పదింట ఒక వంతు కలిపి కొలిచాను
- [ ] ప్రిజర్వేటివ్ 40 డిగ్రీల లోపు వేశాను
- [ ] ఉదయం పీహెచ్ మళ్లీ చూశాను
- [ ] సీసా మీద తేదీ, పదార్థాల పేర్లు రాశాను
- [ ] మోచేతి పరీక్ష మొదలుపెట్టాను

ఇంట్లోవాళ్లకు చేసుకునేంతవరకే ఈ కొలతలు. అమ్మాలనుకుంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి దగ్గర తయారీ లైసెన్సు తీసుకోవాలి. ప్రిజర్వేటివ్ నిజంగా పనిచేస్తోందో లేదో ప్రయోగశాలలో క్రిములు వేసి చూసే పరీక్ష కూడా చేయించాలి. పరిచయస్తులకే అమ్మినా, ఇంటి నుంచే అమ్మినా ఈ రెండూ వదలొద్దు.